అందిందా అని అడగని హవల్దారు

మొన్నామధ్య నా మొహం చూసుంటే మీరెవరూ గుర్తుపట్టేవారు కాదండీ. గుమ్మడికాయంత వాచిపోయింది! నవ్వకండి, ఆ రోజు మా ఆవిడ సత్యవతి భోరుమని ఏడ్చింది.

కొల్లేట్లో మా బావమరిది చేపల చెరువు దగ్గర నా వేలికి జెల్ల చేప ముల్లు దిగింది. మర్నాటికి చెయ్యంతా ఎర్రగా వాపు. నేనూ సత్యవతీ మాజీ సైనికుల క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడ కొత్త కంప్యూటర్ సిస్టం పెట్టారు. ఏ మిలిటరీ హాస్పిటల్లో చూపించుకున్నా మన రికార్డంతా ఇందులోకి వచ్చేస్తుందట! సందేశాలు చేరవేసే ఆర్మీ సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసినవాణ్ణి కదా, ఛాతీ పొంగిపోయింది.

డాక్టరమ్మ నా నంబర్ కొట్టింది. తెర మీద చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది... వెనక లైను గేటు దాకా పోయింది. ఎప్పటికో తెరుచుకుంది.

“బాబాయ్ గారూ, మీకు పడని మందులేవైనా ఉన్నాయా?”

“అన్నీ అందులోనే ఉన్నాయమ్మా, చూసుకోండి,” అన్నాను దర్జాగా.

సత్యవతి మోచేత్తో పొడిచి నా చెవిలో గొణిగింది. “ఏవండీ, మీకు సల్ఫా మందు పడదని చెప్పండి.”

“ఊరుకోవే! మిలిటరీ వాళ్ళే రాసిపెట్టారు. ఆవిడకి కనపడదా?”

ఆవిడిచ్చిన మాత్ర వేసుకుని ఇద్దరం బస్సెక్కాం. భీమడోలు వచ్చేసరికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరి అందట్లేదు. సత్యవతి బస్సాపించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గుమ్మంలోంచే అరిచింది: “ఈయనకి సల్ఫా పడదండీ, అదే వేసుకున్నారు!” నాకు నోట మాట రావట్లేదు. ఇంక అయిపోయాననుకున్నానండీ, నిజంగా భయమేసింది. నేను కసిరి నోరు మూయించిన మనిషే నన్ను బతికించింది.

సాయంత్రం సంగతి తెలిసి క్లినిక్ డాక్టరమ్మ ఫోన్ చేసింది. “మీ ఎలర్జీ సంగతి పాత సిస్టంలో ఉందండీ. కొత్తదాంట్లోకి ఆ ఒక్క ముక్కే రాలేదు. ఖాళీగా ఉన్నచోట ‘ఎలర్జీలు లేవు’ అని అదే చూపించేసింది. నేను ఇంకోసారి అడగాల్సింది.”

“నువ్వు అడిగావు తల్లీ. చెప్పంది నేనే,” అన్నాను.

సర్వీసంతా కుర్రాళ్ళకి నేను నేర్పిందేంటో తెలుసా? “మెసేజ్ పంపితే సరిపోదురా! అవతలివాడు తిరిగి చదివి వినిపించేదాకా పంపినట్టు కాదు!” అని గొంతు చించుకునేవాణ్ణి.

ఇప్పుడు మా ఆవిడ దగ్గర ఆ సల్ఫా మాట అప్పజెబితేగానీ గుమ్మం దాటనివ్వదు. అదే అలవాటైపోయింది. ఇందాక ఈ టీకొట్టాయన “పంచదార ఎంత వేయమంటారండీ?” అన్నాడు.

“ఎంతైనా వేయండి, సల్ఫా మాత్రం వద్దు,” అన్నాను. ఆయన బిక్కమొహం వేసుకుని “సల్ఫా వేయనండీ” అని తిరిగి చెప్పేదాకా గ్లాసు ముట్టుకుంటే ఒట్టు!