గోనెసంచిలో బర్రె తల

చెరువు తెగి మా మేకలు కొట్టుకుపోయిన ఏడు, నార్కట్‌పల్లిలో నల్లగొండ బస్సెక్కాను. నా పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె కాళ్ల దగ్గరున్న గోనెసంచి కంపుకు బస్సంతా ముక్కులు మూసుకుంది.

"అవ్వా, గదేంది? బయట పారెయ్!" అన్నాడు కండక్టరు.

"బర్రె తలకాయ బిడ్డా. వరదల సచ్చిందంటే గిర్దావరు నమ్మలే. సచ్చినదాన్ని కండ్లజూడందే నష్టం రాసుకోనన్నడు. బురదల దిగి చూడు సారూ అంటే, చెప్పులు ఖరాబైతయన్నడు. తుమ్మకంపల్ల దొరికితే కోసుకొస్తున్న."

"జర ఉప్పన్న సల్లకపోతివి!" అని వెనక ఎవరో నవ్వారు.

"ఎందుకు సల్లుత? ఆయన మేజ మీద పెట్టేదాంక గిట్లనే కుళ్లాలె."

మా ఊరికి వరద నష్టం రాసుకోవడానికి వచ్చిన గిర్దావరూ ఆయనే. మేకల కళేబరాలు చూపమన్నాడు. మాకు ఒక్కటీ దొరకలేదు. కండక్టరు సంచి లాగబోతే, నేను దాని మీద రెండు కాళ్లూ పెట్టి కూర్చున్నాను.

దిగాక గిర్దావరు కూర్చునే కచేరీ దాకా సంచి రెండో కొస నేనే పట్టుకున్నాను. మేజ మీద బోర్లించింది మాత్రం ఆమె. గిర్దావరు రుమాలు నోట్లో కుక్కుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. "ఇగ రాసుకో సారూ!" అంటూ ఆమె బర్రె తలను కొమ్ములు పట్టి ఎత్తుకుని వెంటపడింది.

ఇంటికి రాగానే మా ఆయన చెంబుతో నీళ్లిచ్చాడు. అన్నం వేళ దాకా నేను చేతులు కడుక్కోలేదు.