పడవ ముందు కూర్చున్న బరువు

పెద్దబాపు పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను బోర్లించిన పడవ కింద దూరి నాచు గీకుతున్నాను. అక్క అంటే ఆయన కూతురు. మానుకోటలో ఉంటుంది, కాగితాల మీద ఆ ఊరిని మహబూబాబాద్ అని రాస్తారు. "తమ్మీ, నాయిన పోయిండు" అన్నది. చేతిలో ఉన్న రేకు ముక్క పక్కన పెట్టి, ఉన్నచోటనే కాసేపు పడుకున్నాను. లేవబుద్ధి కాలేదు.

తర్వాత ఊళ్లోకి పోయి చెబితే ఎవరూ నమ్మలేదు. "నీ నాటకాలు పీనుగుల దాక వచ్చినయారా?" అని హోటలు అవ్వ గరిటె చూపించింది. ఆమె తప్పు కాదు. బచ్చన్నపేట నుంచి నర్మెట్ట దాకా నేను ఆటపట్టించని మనిషి లేడు. నా భార్య కూడా అక్కకు మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్నాకే ఏడ్చింది. ఒక్క నిజం నమ్మించడానికి ఇల్లిల్లూ తిరిగేసరికి నా కాళ్లు అరిగిపోయాయి.

పెద్దబాపు మా నాయినకు అన్న. మా చెరువులో వల ఎక్కడ వేయాలో చెప్పే మనిషి. పడవ ముందు భాగంలో కూర్చుని వెదురు గడను నీళ్లలోకి దించేవాడు. కొనకు అంటిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, "గీడ వద్దు, ఇంక జర పో" అనేవాడు. నేను మోటారు దగ్గర, నా బావమరిది వల దగ్గర. ఆయన ఆపమన్నచోట ఆపేవాళ్లం, వేయమన్నచోట వేసేవాళ్లం. ఆయన భార్య పెద్దవ్వ చనిపోయాక ఆయన ఇంట్లో ఉండేది నిద్రపోవడానికే. మిగతా బతుకంతా పడవ ముందున్న ఆ జానెడు చెక్క మీదే.

నాకూ ఆయనకూ ఎప్పుడూ పడేది కాదు, పడకుండా ఉండేదీ కాదు. ఒకసారి ఆయన మొలకు దోపుకునే సున్నం డబ్బీలో సుద్దపొడి కలిపి పెట్టాను. పొగాకు నలిపి నోట్లో వేసుకున్నాడు, మళ్లీ గడ అందుకున్నాడు. మధ్యాహ్నం నేను సద్ది గిన్నె మూత తీస్తే అన్నం మీద బతికున్న ఎండ్రకాయ కూర్చుని ఉంది. "తిను బిడ్డా, సల్లారిపోతది" అన్నాడు.

కాలువ నీళ్లు రావడం మొదలయ్యాక మా చెరువు ఎండాకాలంలో కూడా నిండుగా ఉంటోంది. ఊరంతటికీ సంతోషమే. పెద్దబాపు గడకు మాత్రం అడుగు అందడం మానేసింది. వరసగా మూడు రోజులు ఖాళీ వల లాగాం. మూడో రోజు ఆయన గడను పడవలో అడ్డంగా పడేసి, ఒడ్డు వచ్చేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పుడే భూపాలపల్లి అవతల గోదావరిలో చేపలు పట్టే ఒకతను చేపలు చూపించే మిషన్ అమ్ముతున్నాడని విని పోయాను. చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనుమరుగయ్యాక కూడా ఆ డబ్బాను ఒళ్లోంచి దించకుండా బస్సులో తెచ్చాను. అరచేతి కంటే కాస్త పెద్ద టీవీ. దానికో పొడుగాటి వైరు. వైరు చివర సబ్బు బిళ్లంత నల్లటి ముక్క. ఆ బిళ్ల నీళ్లలో మునిగి ఉంటే అది కిందికి చప్పుడు పంపి, తిరిగొచ్చిన చప్పుడును బట్టి చెరువు అడుగునూ మధ్యలో ఉన్న చేపలనూ టీవీలో గీసి చూపిస్తుంది. కిటుకంతా ఆ బిళ్లను పడవకు ఎక్కడ బిగించాలన్నదే. అమ్మినతను అదొక్కటి తప్ప అన్నీ చెప్పాడు.

"పెద్దబాపూ, జర పొట్టకు ఆనిచ్చుకో, పొద్దుగాల ఏం తిన్నవో టీవీల కనబడతది" అన్నాను.

"ముందుగాల నీ తలకాయకు పెట్టు. ఖాళీ జాగ ఎట్ల చూపిస్తదో చూద్దాం" అన్నాడు.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ని, నాకెవరు చెప్పాలి? మొదట బిళ్లను పడవ ముందు కట్టాను. మోటారు వేయగానే పడవ ముక్కు లేచింది, బిళ్ల నీళ్లు వదిలి గాల్లో ఊగింది. తర్వాత వెనక, మోటారు రెక్కకు పక్కనే కట్టాను. టీవీ నిండా చుక్కలే చుక్కలు. "బావా, పంట పండింది!" అని మా బావమరిది ఎగిరి వల విసిరాడు. పాత చెప్పు ఒకటి వచ్చింది. అదీ ఎడమ కాలిది.

పెద్దబాపు అప్పటిదాకా చూస్తూ ఊరుకున్నాడు. "గది ఏం జేస్తదన్నవ్? చూస్తదా, ఇంటదా?" అని అడిగాడు.

"ఇంటది."

"మరి చెవి పక్కన సంత పెట్టి ఏం ఇనబడ్తలేదంటే ఎట్లరా?"

మోటారు రెక్క లేపే నురగే ఆ సంత. నురగ లేని చోటు వెతకాలి. నేను బర్మా తీసుకుని వెనక చెక్కకు బొక్కలు పెట్టబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. పడవకు బొక్క పెట్టొద్దన్నాడు. ముందు ఒక పలకను పడవకు అతికించి, బొక్కలన్నీ ఆ పలకకే పెట్టమన్నాడు. చేపలకు వేసే తవుడు ఒక డబ్బా తెప్పించాడు. వల లాగేటప్పుడు పోయే వేగంతో నన్ను మోటారు నడపమని, తను ముందు వంగి పడవ పక్క వెంబడి పిడికెడు పిడికెడు తవుడు వదిలాడు. ఎడమ పక్క తవుడు వచ్చి రెక్క నురగలో చెదిరిపోయింది. కుడి పక్క, మోటారుకు మూరెడు దూరంలో మాత్రం తెగకుండా దారంలా పోయింది. ఆయన వెనక్కి వచ్చి, వంగి చూసి, సున్నం డబ్బీలో బొటనవేలు ముంచి పలక మీద నొక్కాడు. "గీడ."

అక్కడ బిగించాం, పడవ అడుగు కంటే వేలు మందం కిందికి. బిళ్ల ముఖం సమంగా ఉందా లేదా ఒడ్డు మీదే చూద్దామంటే ఒప్పుకోలేదు. "మనుషులు ఎక్కినంక పడవ తీరు మారుతది" అని ముగ్గురం ఎవరి జాగాలో వాళ్లం కూర్చున్నాక, తనే చెప్తూ నాతో మరలు బిగింపించాడు. టీవీలో చెరువు అడుగు ఒక్క గీతగా వచ్చింది. దాని మీద చేపలు: రవ్వలు, బొచ్చెలు. ఆ రోజు వల లాగలేక మా చేతులు వాచాయి.

ఒడ్డుకు వచ్చాక బావమరిది నన్ను పక్కకు పిలిచాడు. "బావా, ఇంక మామ ఎందుకు? టీవీ చెప్తున్నది గదా. ఆయన నీళ్లల్ల పడితే మానుకోట అక్కకు ఏం మొఖం చూపిస్తం?" వాడు చెడ్డవాడు కాదు. పెద్దబాపుకు ఎలా చెప్పాలా అని నేను చూస్తుంటే, ఆయన మర్నాడు పడవ ఎక్కనే లేదు. కట్ట మీద కూర్చుని పొగాకు నలుపుకుంటున్నాడు. తన చోటు పోతుందని తెలిసే తవుడు చల్లాడని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజు టీవీ చెడిపోయింది. గీత మసకబారి ముక్కలైంది. రెండు రోజులు వైర్లు పీకాం, పెట్టాం, తిట్టుకున్నాం. మూడో రోజు బావమరిది వల చిక్కు తీయడానికి ముందుకు పాకగానే గీత చక్కగా వచ్చింది. వాడు వెనక్కి రాగానే చెదిరింది. బిళ్లను సమం చేసిన రోజు పెద్దబాపు ముందు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆ బరువు లేక పడవ ముక్కు లేచి బిళ్ల వంకరగా చూస్తోంది.

నాకు అర్థమైంది. వాడికి చెప్పలేదు.

"మిషన్ పెద్దబాపు చేతుల మీద పెట్టింది. ఆయన లేకుంటే అలుగుతది" అన్నాను. పరీక్షకు ఆయన్ని ఎక్కించాం, గీత నిలబడింది. బావమరిది మరునాడు మిషన్‌కు టెంకాయ కొట్టాడు. పెద్దబాపు కొబ్బరి ముక్క నములుతూ నా చెవి దగ్గరికి వచ్చి, "నా బరువెంతో నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు. అని పోయి తన చెక్క మీద కూర్చున్నాడు. నా ఆటల్లో ఆయన కలిసింది ఆ ఒక్క ఆటలోనే. రెండు వానకాలాలు ఆడాం.

పోయిన చలికాలంలో ఒక పొద్దున ఆయనకు కళ్లు తిరిగి పడవ అంచు పట్టుకున్నాడు. ఏమీ కాలేదన్నాడు. మర్నాడు మేం వచ్చేసరికి ఖాళీ యూరియా బస్తా ఒకటి, కట్ట కింద ఇసుక కుప్ప ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. బస్తాను తన చోట పెట్టించాడు. మమ్మల్ని మా జాగాల్లో ఉండమని, తను మోకాలి లోతు నీళ్లలో నిలబడి దోసిళ్లతో ఇసుక పోశాడు.

"గీత చక్కగైందారా?"

"ఇంకా కాలే."

ఇంకో నాలుగు దోసిళ్లు పోశాడు. గీత నిలబడింది.

"ఆగు. గంతే నేను" అన్నాడు. బస్తా మూతి కట్టి దాని మీద చెయ్యి కొట్టాడు. "గిది పొగాకు అడగదు, మిమ్ముల తిట్టదు. నీళ్లల్ల పడ్డా ఎవలకు ఫోన్ జేసే పని లేదు."

బావమరిది నావైపు తిరిగాడు. "అంటే... గా టెంకాయ?"

"తిన్నవ్ గదా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ వారంలోనే అక్క వచ్చి ఆయన్ని మానుకోట తీసుకుపోయింది.

అక్కడ దవాఖాన, మంచం, మళ్లీ దవాఖాన. నేను రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఆయన అడిగింది ఒకటే: "గీత నిలబడ్తున్నదా?" నిలబడుతోందని చెప్పాను.

శవాన్ని ఊరికి తెచ్చాక పాడె కింద భుజం పెట్టాను. ఆయన బరువు నాకు దోసిళ్ల లెక్కన తెలుసు. అందులో సగం కూడా లేదు. మోసేవాళ్లు మారదామన్నారు గానీ నేను మారలేదు. మారాల్సినంత బరువు కాదది.

పన్నెండు రోజుల తర్వాత పడవను నీళ్లలో దించాం. టీవీ గీత మళ్లీ మసకగా, ముక్కలుగా ఉంది. చూస్తే, పడవ బోర్లించినప్పుడు ఒడ్డున దించిన బస్తా మూల చిరిగి, ఇసుక చాలావరకు అక్కడే కారిపోయింది. చిరుగు కుట్టి, కట్ట కింద నుంచి ఇసుక తెచ్చి పోయడం మొదలుపెట్టాను. వంగి లేచి, వంగి లేచి, ఒళ్లంతా నొప్పులు. బావమరిది టీవీ చూస్తున్నాడు.

"ఎంత పోస్తవ్ బావా? చివరికి మామ గింత లేకుండె."

"గీత చక్కగయ్యేదాక పోస్త."

పోస్తుంటే పడవ ముందు భాగం కొంచెం కొంచెంగా నీళ్లలోకి వంగింది. "అయింది" అన్నాడు వాడు. బస్తా మూతి కట్టి, వెనక్కి వచ్చి మోటారు తాడు పట్టుకున్నాను. లాగలేదు. ముందు నుంచి "ఇంక జర పో" అనే మాట రావాలి. బావమరిది కూడా వల ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.