ముగ్గులో మిగిలిన గదులు

శ్రీ జక్రయ్య గారు మా మిషన్ కట్టడాల శాఖలో చిరకాలం ఓవర్సీరుగా పనిచేశారు. ఆయన ఉత్తరాలకు శుద్ధప్రతులు తీయడం నా విధి గనుక, ఆయన చివరి పనిని గురించి నాకు తెలిసినంతవరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

అంతకు ముందు పొన్నూరులో ఆయన బాలికల వసతిగృహం ఒకటి కట్టించారు. నక్షా ముందుగానే మంజూరైంది. గోడలు నక్షా ప్రకారమే లేచాయి. అవి లేచేలోగా బాలికలను గుంటూరుకు మార్చారు. భవనానికి తాళం పడింది. ఇందులో ఎవరి తప్పూ లేదని కార్యాలయం వ్రాసింది. జక్రయ్య గారు మాత్రం ఆ దారిన బస్సులో వెళ్ళవలసి వస్తే కిటికీ పక్కన కూర్చునేవారు కారు.

1985లో, పదవీ విరమణకు ముందు, పర్చూరు వైపు ఒక గ్రామంలో చిన్న ఆసుపత్రి కట్టించే పని ఆయనకు అప్పగించారు. దీనికి కూడా తాళం పడుతుందేమోనన్న భయం ఆయనను మొదటి రోజు నుంచే పట్టుకుంది. అక్కడి నర్సు సంతోషకుమారి గారు మొదట కాన్పుల గది కావాలన్నారు. తరువాత కంటి శిబిరానికి హాలు అవసరమన్నారు. ఆపైన, పత్తికి మందు కొట్టి పడిపోయే కూలీలు ఎక్కువవుతున్నారు, వాళ్ళకు చోటేదని అడిగారు. ఆమె అడిగినవన్నీ న్యాయమైనవే. అయితే ప్రతి మార్పుకూ ఒక ఉత్తరం, ప్రతి ఉత్తరానికీ ఒక కొత్త నక్షా. తుది నక్షా పంపనిదే పని మొదలుపెట్టరాదని కార్యదర్శి జయరావు గారు తాఖీదు ఇచ్చారు.

జక్రయ్య గారి ఎదుట రెండు మార్గాలున్నాయి. నక్షాను ఖాయం చేసి పునాదులన్నీ ఒకేసారి తవ్వించడం ఒకటి. రూఢిగా తెలిసిన గది ముందు కట్టి, తక్కినవాటికి ఆగడం రెండవది. మొదటి దానికి పొన్నూరు అడ్డు వచ్చేది. రెండవ దానికి ఆయన వయస్సు అడ్డు వచ్చేది. ఆయన వెళ్ళిపోయాక ఆ మిగతా గదులు ఎవరు కడతారు? ఏదీ తేల్చుకోలేక, నక్షా మొత్తాన్ని సున్నపు ముగ్గుతో నేల మీద పోయించి, సంతోషకుమారి గారిని అందులో నడిచి చూడమని కోరి, ఆదివారం ఆరాధనకు వెళ్ళారు.

సోమవారం వచ్చేసరికి గదులన్నిటి నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మిషన్ వారు కల్లాలకు స్థలాలు గీసి పంచుతున్నారని ఊళ్ళో చెప్పుకున్నారట. కోటిరత్నం అనే రైతు స్త్రీ తన కాయల మధ్య కూర్చుని తాలు ఏరుతోంది.

"అమ్మా, అది ఆపరేషన్ గది," అన్నారు జక్రయ్య గారు.

ఆమె నాలుగు వైపులా చూసింది. "గోడేదయ్యా ఓవర్సీరూ? గడి బాగుందని పోసుకున్నాం. నువ్వు ఆపరేషన్ చేసేలోగా ఎండిపోతాయిలే."

ఆరని కాయలు ఎత్తితే బూజు పడతాయి. కాయలు ఎండేవరకు ఆగక తప్పలేదు. ఆయన రోజూ వచ్చి, వేప నీడన కుర్చీ వేసుకుని, చేయగలిగింది లేక కూర్చునేవారు.

ఆ మధ్యలోనే ఒక మధ్యాహ్నం ఆదాం అనే కూలీని మంచం మీద మోసుకొచ్చారు. పత్తిచేలో మందు కొడుతుండగా వీపు మీది డబ్బా కారి, ఒళ్ళంతా తడిసి, నోట నురుగు వచ్చింది. మోసేవాళ్ళు మిరపకాయలు తొక్కకుండా, అప్పటికే కాయలు ఎత్తేసిన రోడ్డు పక్క గడిలోనే మంచం దించారు. సంతోషకుమారి గారు అతని బట్టలు విప్పించి, చేతిపంపు నీళ్ళు బిందెలతో పోయించి, సబ్బుతో కడిగించి, ఆ తరువాతే సూది వేశారు. ఆదాం బతికాడు. నక్షాలో ఆ గడి సామాన్ల గది. స్నానపు చోటు వెనుక చివర ఉంది.

"ఇక్కడే కావాలండీ. లోపలిదాకా మోసుకెళ్ళే వ్యవధి ఉండదు," అన్నారామె. "నాకూ ఇవాళే తెలిసింది."

కాయలు ఎత్తాక ఆయన, తుది నక్షా కోసం ఆగకుండా, మేస్త్రీని పిలిచి ఆ ఒక్క గదికీ, దానిని ఆనుకున్న కాన్పుల గదికీ మాత్రమే పునాది తీయమన్నారు. ఆ మార్పును కార్యాలయానికి తెలియపరిచారు. తక్కిన గదులు ముగ్గులోనే ఉంచారు. వాన పడితే మళ్ళీ పోయించారు. మార్పు వస్తే కాలితో చెరిపించారు. రెండు గదులకూ పైకప్పు పడింది, కాన్పులు మొదలయ్యాయి. గోడల చివర, రేపటి గోడ అతకడానికి, ఇటుకలను ఒకటి విడిచి ఒకటి బయటికి వదిలించారు.

జయరావు గారు తనిఖీకి వచ్చి ఆ ఇటుకల వద్ద ఆగారు. "జక్రయ్య గారూ, ఇది ఎప్పటికి పూర్తవుతుంది?"

"ఇంకా ఏమేమి కావాలో ఆమెకు తెలియాలండీ."

"మీ విరమణ లోపల తెలియకపోతే?"

జక్రయ్య గారు వేప నీడకు వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అప్పటికి ఆయన చాలా అలసిపోయి ఉన్నారు.

విరమణ నాడు ఆయన చివరి పని ఎదురుగా "అసంపూర్తి" అని నమోదైంది. "పాక్షికంగా పూర్తి" అని వ్రాయవచ్చునేమోనని నేను అడిగాను. ఉన్నది ఉన్నట్టే వ్రాయమన్నారు. తరువాత గోదాము తాళాలు అప్పగిస్తూ, మిగిలిన ముగ్గు బస్తాను ఆ ఊరికి పంపవలసిందని కోరారు. కట్టడం ఆగిన చోటికి ముగ్గెందుకని గోదాము గుమాస్తా అడిగాడు.

"అక్కడ గదులు ఇంకా ఉన్నాయి నాయనా," అని, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండు వైపు వెళ్ళారు.