ఢోలక్‌తో ఖమీస్‌కి, భిన్నాలు చెప్పడానికి

మా చెల్లెలు సువర్ణ సౌదీలోని కొండ ఊరు ఖమీస్ ముషైత్‌లో నర్సు. దాని కూతురు స్నేహ ఆరో తరగతి లెక్కల్లో తప్పింది. ఆదివారం మళ్లీ పరీక్ష; ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. అదీ పోతే మళ్లీ ఆరో తరగతే. "భిన్నాలంటేనే దానికి జ్వరం వచ్చేస్తంది అన్నయ్యా, నువ్వొచ్చి చెప్పు" అని సువర్ణ ఫోన్లో ఏడ్చింది. నేను రియాద్‌లో లెక్కల మేష్టారిని. బడికి సెలవులే. గురువారం ఉదయం ఆరింటికి ఢోలక్ భుజాన వేసుకుని బస్టాండు చేరాను.

పాకిస్తానీ డ్రైవరు ఢోలక్‌ని కింద డిక్కీలో పడేయమన్నాడు. ఎండకు తోలు పాడవుతుందని బతిమాలాను. "తో గోద్ మే బిఠావో" అన్నాడు. చంటిపిల్లలా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఆరున్నరకు బస్సు కదిలింది.

పక్క సీట్లో రాజన్న, జగిత్యాల వైపు మనిషి, టైల్స్ మేస్త్రి.

"లెక్కల సారువా? మరి గీ ఢోలక్ ఎందుకు? పిలగాండ్లను కొడితే ఊకోరని దీన్ని కొడుతున్నవా?"

భిన్నాలు చెప్పడానికేనని, దరువేస్తూ రెండు దెబ్బలకోసారి నేను తలూపి, మూడు దెబ్బలకోసారి అతను చప్పట్లు కొడితే ఆరో దెబ్బకు కలుస్తామని చూపించాను. రాజన్న మొదటిసారికే పట్టేశాడు.

"రెండు సైజుల టైల్స్ పరిస్తే జాయింట్లు యాడ కలుస్తయో సూసుడే గదా! గింతదానికి ఢోలెందుకు సార్?"

ఢోలక్‌ని ఒళ్లో ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

ఒంటిగంటకు వాదీ దవాసిర్‌లో అరబ్బుల మసాలా అన్నం, కోడి కబ్సా తిన్నాం. ఆ తర్వాతి చెక్‌పోస్టులో బస్సెక్కి నా నివాస కార్డు ఇకామా చూసిన పోలీసు ఢోలక్ వైపు వేలు చూపించి, ఇదేమిటన్నాడు. ఢోలక్‌కి అరబ్బీ మాట తెలియక, "రియాదియ్యాత్... గణితం" అన్నాను. అతను నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, ఒక్క దెబ్బ వేసి, ఖలాస్ అంటూ దిగిపోయాడు. ఎనిమిదింటికి ఖమీస్ చేరాను. చెల్లెలు చేపల పులుసు పెట్టింది.

శుక్రవారం పదింటికి పాఠం. అరా మూడోవంతూ కలిపితే ఎంత అన్నాను.

"అయిదులో రెండు. పైవి పైకి, కిందవి కిందకి కలిపేశాను" అంది స్నేహ ధీమాగా.

ఆరు దెబ్బల దరువు ఎత్తుకున్నాను. రెండేసికి స్నేహ, మూడేసికి వాళ్ల నాన్న చప్పట్లు కొట్టాలి. మా బావకి చేతులున్నాయి గానీ తాళం లేదు. మూడుకి సరిగ్గా కొట్టి, ఆరుకి బదులు అయిదుకే కొట్టేస్తున్నాడు. మూడుసార్లూ అంతే.

"డాడీ! నువ్వు మూడు లెక్కపెడితే కదా! ఆరులోనే కలవాలి!" స్నేహ లేచి నిలబడి, ఆయన చేతులు పట్టుకుని తనే కొట్టించింది. ఉన్నట్టుండి ఆగింది.

"మావయ్యా, ఆరులో సగం మూడు దెబ్బలు. మూడోవంతు రెండు. మొత్తం అయిదు. అంటే ఆరులో అయిదా?"

సువర్ణ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. బావ మాత్రం ఇదంతా తన ప్రతిభే అన్నట్టు కూర్చున్నాడు. ఇరవయ్యేళ్లుగా చెబుతున్న నాకు ఆ రోజే తెలిసింది: తప్పు కొట్టే పెద్దవాడొకడు ఉంటే పిల్లలు లెక్క ఎంత శ్రద్ధగా పెడతారో!

శనివారమంతా అవే లెక్కలు. ఆదివారం పన్నెండింటికి తిరుగు బస్సెక్కాను. ఖమీస్ వెళ్లినవాళ్లు చల్లగాలి గురించీ కొండల గురించీ చెబుతారు. నేను ఒక్క కొండా చూడలేదు. గంట తర్వాత సువర్ణ ఫోను.

"పరీక్షలో ఇది బల్ల మీద దరువేస్తంటే మేడమ్ రెండుసార్లు తిట్టి, సీటు మార్చేశారంట అన్నయ్యా!"

ఫోను స్నేహ లాక్కుంది. "చివరి లెక్కకి చేతులు కట్టుకోమన్నారు మావయ్యా. కాళ్లతో కొట్టుకుని చేశాను. పావూ మూడోవంతూ కలిపితే పన్నెండులో ఏడు. కరెక్టేనా?"

బస్సంతా తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా ఢోలక్ మీద పన్నెండు దెబ్బలూ వేసి చూశాను. కరెక్టే.