రెండింటిలో ఒకటోది

మా ఆఫీసులో ఆమెను అందరూ దూకుడక్క అనేవాళ్ళు. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనిది. దూకుడంతా వేళ్ళలోనే. మేము లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాస్తాం. ఒక్కో ప్రోగ్రామూ వేల లైన్లు, అందులో ఒక్కో పనికి ఫంక్షన్ అనే ఒక్కో ముక్క. మేమంతా మౌసు పట్టుకుని తెరను పైకీ కిందికీ దొర్లించుకుంటూ వెతుక్కుంటుంటే, అక్క ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌లో ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి కీబోర్డు మీద ఒక మీట నొక్కేది. ఆ ఫంక్షన్ రాసి ఉన్న చోట తేలేది. ఇంకో మీట నొక్కితే బయల్దేరిన చోటికి వచ్చేసేది. ఆమె మౌసుకు దుమ్ము పట్టి ఉండేది. నిజం చెప్పొద్దూ, అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అక్కకు ఉన్నది వాళ్ళమ్మ ఒక్కతే. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. మా వెనక వీధి భవనంలో, మూడో అంతస్తులో, కసరత్తు చేయించే క్లినిక్ ఉంది. అక్కడి లిఫ్టు మా కంపెనీదే. మనిషి మధ్యలో ఉన్నా తలుపు ఆగకుండా మూసుకుంటోందని ఫిర్యాదు వచ్చింది. ఆ భయానికి పెద్దావిడ కర్ర పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కేది. అక్క పంతం పట్టి ఆ తప్పు వెతికి దిద్దింది. ఆఫీసులో మా ప్రోగ్రాముల్ని పరీక్షించుకునే లిఫ్టు తలుపు మధ్యలో చెయ్యి పెట్టి మాకు చూపించింది కూడా. తలుపు బుద్ధిగా తెరుచుకుంది. సర్వీసువాళ్ళు కొత్త ప్రోగ్రాముని క్లినిక్ లిఫ్టుకి ఎక్కించి వచ్చారు.

మర్నాడు టిఫిన్ బాక్సు మూత తీస్తూ, అక్క ఎందుకో మళ్ళీ ఆ ఫంక్షన్‌లోకి దూకింది. ఈసారి తెర అడుగుకి చూసింది. అక్కడ ఎడిటర్ చిన్న అక్షరాల్లో ఓ ముక్క రాస్తుంది, మేమెవరమూ చదవం. రెండింటిలో ఒకటోది, అని ఉంది. అంటే ఆ పేరుతో ఫంక్షన్లు రెండున్నాయి. మొదటిది కొత్త రకం తలుపులకి. రెండోది వేరే ఫైల్లో, పాత రకం తలుపులకి. ఎడిటర్ ఎప్పుడూ మొదటిదాని దగ్గరికే తీసుకెళ్ళింది, అక్క దాన్నే దిద్దింది. ఆఫీసులో పరీక్ష తలుపు కొత్త రకం. క్లినిక్ లిఫ్టుది పాతది.

అక్క టిఫిన్ బాక్సు వదిలేసి లేచింది.

"అమ్మ ఈపాటికి అక్కడికి వెళ్ళుంటుంది," అంది.

"మెట్లెక్కే వెళ్తారుగా అక్కా, ఎప్పట్లాగే."

"లేదు. లిఫ్టు బాగుచేశానని రాత్రి నేనే చెప్పాను."

తల్లి ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. లిఫ్టు ఆపించమని నేను సర్వీసువాళ్ళకి ఫోన్ చేశాను. లైను బిజీ. ఇద్దరం పరుగు తీశాం. అక్కని రోజూ ఏడిపించే నోరు నాది. ఆ వీధిలో అదే నోటితో, జరగండి జరగండని అరుస్తూ పరిగెత్తాను. సందు మలుపులో అక్క చెప్పు తెగింది, వదిలేసి పరిగెత్తింది. "కాలు పెట్టకూడదు, దేవుడా, కాలు పెట్టకూడదు," అని గొణుగుతూనే ఉంది.

కింద లిఫ్టు ముందు జనం గుమిగూడి ఉన్నారు. అది చూసి అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంక అడుగు పడలేదు. నేనే జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళాను.

పెద్దావిడ వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో కర్ర సగమే ఉంది. మిగతా సగం తలుపు సందులో ఇరుక్కుని ఉంది. కాలికంటే ముందు కర్ర మోపే అలవాటే ఆమెని కాపాడింది.

"ఎవడండీ దీన్ని బాగుచేసింది? వాడి చేతులు విరిచెయ్యాలి!" వాచ్‌మన్ కేకలేస్తున్నాడు.

"నోరు మంచిదై ఉండాలి బాబూ," అంది పెద్దావిడ. "బాగుచేసింది మా అమ్మాయే. లిఫ్టు శుభ్రంగా ఉంది. ముసలిదాన్ని, నేనే కర్ర అడ్డం పెట్టాను."

అక్క ఎప్పుడొచ్చిందో, తల్లి ముందు కూలబడి ఆ కాళ్ళు తడిమి తడిమి చూస్తోంది.

"ఏమిటే ఆ కంగారు? నాకేం కాలేదు. ఆ ముక్క లాగేసి మీట నొక్కు, పైకి పోదాం. నువ్వు చెయ్యి పట్టుకుంటే ఈ కర్రతో పనేముంది?" అంటూ పెద్దావిడ లేచింది.

అక్క లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"వద్దమ్మా. నేను బాగుచేసింది ఈ తలుపుని కాదు."