నీళ్ళ కింది జొన్నచేను

నా చిన్నప్పుడు, సాగర్ డ్యామ్‌లో నీళ్ళు నిండిన కొత్తలో, మా జగ్గయ్యపేట జనం అదేపనిగా దాన్ని చూడటానికి వెళ్ళేవారు. వెళ్ళొచ్చినవాళ్ళు గేట్ల గురించి, నీళ్ళ మధ్య మిగిలిపోయిన కొండ గురించి, లాంచీ ఎక్కి ఆ కొండ మీదికి వెళ్తే కనిపించే బౌద్ధుల నాటి శిథిలాల గురించి వారాల తరబడి చెప్పేవారు. మా నాన్నకి పేటలో మిరపకాయల కొట్టు ఉండేది. వచ్చిన ప్రతివాళ్ళూ ఇంకా చూడలేదా అని అడుగుతుంటే పడలేక, ఒక కార్తీకమాసంలో ఇంటిల్లిపాదినీ తీసుకెళ్తానన్నారు. మా మేనత్త తానూ వస్తానంది. అప్పటిదాకా సందడిగా ఉన్న ఇల్లు ఒక్కసారి చప్పబడింది.

అత్తయ్య నాన్నకి అక్క. ఆమెని ఇచ్చిన ఊరు సరిగ్గా ఆ నీళ్ళు నిండిన లోయలో ఉండేది. డ్యామ్ కోసం ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు మామయ్య ఇంటి దూలాలూ తలుపులూ ఊడదీసి బండ్ల మీద వేసుకుని కొత్త చోటికి తరలివెళ్ళాడు. అక్కడ ఆయన నిలవలేకపోయాడు. తెల్లవారగానే పాత చేనికని లేచి, దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడట. కొన్నాళ్ళకి జ్వరం తగిలి పోయాడు. అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది. వాళ్ళకొక కూతురు ఉండేదనీ, నేను పుట్టకముందే మశూచికంతో పోయిందనీ మాకు తెలుసు. అంతకు మించి పిల్లల ముందు ఎవరూ మాట్లాడేవారు కాదు.

“నువ్వెందుకక్కయ్యా, అంత దూరం ప్రయాణం” అన్నారు నాన్న.

“చూసొస్తా తమ్ముడూ. ఒక్కసారి” అంది ఆవిడ. ఆ తరవాత ఎవరూ కాదనలేదు.

లాంచీలో పిల్లలమంతా అంచు పట్టుకుని వేలాడుతూ నీళ్ళలో చేతులు పెట్టాం. పెద్దవాళ్ళు పులిహోర పొట్లాలు విప్పారు. అత్తయ్య మాత్రం నీళ్ళ వంక చూడలేదు. ఆమె కళ్ళు చుట్టూ ఉన్న కొండల మీదే ఉన్నాయి. ఒకప్పుడు తలెత్తి చూసిన కొండలు ఇప్పుడు ఎదురుగా, భుజాల దాకా మునిగి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కదాన్నీ పోల్చుకుంటోందని అప్పుడు నాకు తెలియదు. ఎండకి కళ్ళు చిట్లించుకుంటోందనుకున్నాను.

కొండ మీద ఒక కుర్రాడు మమ్మల్నీ ఇంకొందర్నీ గుంపుగా చేర్చి అక్కడివన్నీ చూపించడం మొదలుపెట్టాడు. చక్రాల్లా పేర్చిన ఇటుక కట్టడాలు, మెట్ల స్నానఘట్టం, తెల్లని పలకరాళ్ళు. మా పేట కొండ మీద ధనంబోడనే పాత స్తూపం దిబ్బ దగ్గర అలాంటి పలకల మీదే మేం జారుడుబండ ఆడుకునేవాళ్ళం. ఇవన్నీ ఒకప్పుడు కింద లోయలో ఉండేవనీ, నీళ్ళు రాకముందే ఇటుక ఇటుకా విప్పి పైకి మోసి, ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ కట్టారనీ ఆ కుర్రాడు చెబుతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. తరవాత ఒక రాళ్ళ వలయం దగ్గర ఆగాడు. గుండ్రంగా పాతిన మోటు బండలు, మధ్యన గుంట. బుద్ధుడికంటే ముందు కాలపు సమాధి అన్నాడు. అందులో దొరికిన ఎముకల్ని కూడా జాగ్రత్తగా తీసి భద్రం చేశారన్నాడు.

గుంపులో ఎవరో అడిగారు, ఇవి కాక కింద ఇంకేముండేవని.

“ఇంకేముంటాయండీ. ఏమీ లేవు. అంతా అడవి.”

“అడవి కాదు బాబూ” అంది అత్తయ్య.

ఆమె గొంతు పెద్దది కాదు. అయినా అందరూ తిరిగి చూశారు.

“ఊళ్ళుండేవి. మా ఊరుండేది. జొన్నలూ ఆముదాలూ వేసేవాళ్ళం. అదిగో, ఆ రెండు కొండల మధ్యన నొక్కు కనపడతందే, దానికి ఇవతల మా ఇల్లు. ఇంకాస్త ఇవతలకి చేను. చేను గట్టున నా కూతుర్ని పెట్టాం.”

నాన్న గబగబా దగ్గరికొచ్చారు. ఏడుస్తుందేమోనని కాబోలు. ఆమె ఏడవలేదు. తప్పు దారిన పోతున్నవాడికి దారి చెప్పినట్టు చెప్పింది, అంతే.  ఆ కుర్రాడు, “నాకు చెప్పింది ఇంతేనండీ. నేనీమధ్యే వచ్చా” అని, “మీ ఊరి పేరేంటమ్మా” అని అడిగాడు. చెప్పింది. వాడు ఆ పేరు రెండుసార్లు పైకి అనుకున్నాడు.

అందరూ మ్యూజియం వైపు వెళ్ళారు. అత్తయ్య రానంది. నాన్న నన్ను ఆమె దగ్గర ఉండమన్నారు. ఇద్దరం ఆ రాళ్ళ వలయం పక్కన కూర్చున్నాం. ఆమె నా వైపు చూడకుండానే మాట్లాడింది.

“ఊరు వదిలే రోజు పొద్దున్నే మీ మామయ్య గడ్డపార పట్టుకుని గట్టు దగ్గరికెళ్ళాడు. పిల్లని కూడా తీసుకెళ్దామని. ఒక్క పోటు కూడా పొడవలేక తిరిగొచ్చాడు. బండి కట్టమన్నాడు. అప్పట్నుంచీ మనిషి మనిషిలా లేడు.”

 ఎదుటి గుంటని చూపించి, వీళ్ళనైతే తెచ్చారు కదా అత్తయ్యా అన్నాను. చిన్నతనం.

“మంచిపనే చేశారు. వీళ్ళూ ఎవరో తల్లులు కన్నవాళ్ళే గదే” అంది. చెయ్యి చాచి బండ మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

తిరుగు ప్రయాణంలో నేను మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టాను. లాంచీ వంపు తిరిగి కొంత దూరం పోయాక అత్తయ్య నా మోచేతి మీద తట్టింది. “ఇదే. ఇప్పుడు చేను మీదుగా పోతన్నాం.” గబుక్కున చెయ్యి లాగేసుకున్నాను. కింద ఏమీ కనిపించలేదు, పచ్చటి నీళ్ళు తప్ప. లాంచీ ఆగలేదు. ఇంజన్ మోతలో ఎవరో పాట అందుకున్నారు. ఆమె పమిట తల మీదికి లాక్కుని, ఆ నొక్కు కనుమరుగయ్యేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

మరుసటి ఏడు మా పక్కింటివాళ్ళు ఆ కొండ చూసొచ్చారు. అక్కడ చూపించే కుర్రాడు, కింద ఊళ్ళుండేవనీ, జొన్నలు పండేవనీ, చనిపోయిన పిల్లల్ని చేల గట్ల మీద పెట్టుకున్నవాళ్ళు ఉండేవారనీ చెప్పాడట. ఒక ఊరి పేరు కూడా చెప్పాడట. అత్తయ్య అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టి, ఆ పేరు మళ్ళీ చెప్పమంది. విని, మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

కొండ మీద ఆ రోజు ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. పోయినదేదీ తిరిగి రాలేదు. కానీ ఏమీ లేదన్నచోట నిలబడి, మా ఊరుండేదని చెప్పింది. నేనిప్పుడు నందిగామలో ఉంటున్నాను. రోడ్డు పొడుగునా ప్లాట్లు వేసి అమ్మేవాళ్ళు, ఇంతకుముందు ఇక్కడ ఏమీ లేదండీ, ఖాళీ నేలే అంటుంటారు. నా వెంట వచ్చిన పిల్లలు విసుక్కున్నా సరే, అక్కడ ఎవరుండేవారో, ఏం పండించేవారో, ఎటు వెళ్ళిపోయారో అడిగి తెలుసుకునేదాకా నా అడుగు ముందుకు పడదు.