తీతువు అరిచిన ఇసుక

తొంభైల చివర్లో ఎండాకాలం వచ్చిందంటే బెజవాడ బ్యారేజీ దిగువన కృష్ణలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. సాయంత్రమైతే పటమట కుర్రాళ్ళంతా కరకట్ట దిగి ఆ ఇసుకలో మోటార్‌సైకిళ్ళ మీద రేసులు పెట్టుకునేవాళ్ళు. కొత్తగా బండి నేర్చుకోవాలన్నా అక్కడికే. పడినా తొక్కేసే లారీ ఉండదు, పళ్ళికిలించే పక్కింటివాళ్ళూ ఉండరు. ఆ తడి ఇసుక వాసన, పొద్దుగూకే వేళ నీళ్ళ మీంచి వచ్చే చల్లగాలి తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

అప్పుడే నాకు కంకిపాడులో ఒక బళ్ళో టీచరుద్యోగం వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర పొద్దున పూట బస్సెక్కడమంటే కుస్తీకి దిగడమే. అందుకని మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, తన పాత మోపెడ్ నాకిచ్చి నడపడం నేర్పుతున్నాడు. అమ్మకది సుతరామూ ఇష్టం లేదు. హైవే మీద ఆడపిల్ల బండేమిటని రోజూ సణుగుడే. చివరికి తన కళ్ళతో చూసి తేలుస్తానంది. నేను నడిపే తీరు నచ్చితే సరే, లేకపోతే బండీ లేదు, ఉద్యోగమూ లేదు.

ఆ సాయంత్రం అమ్మ కట్ట కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. నా ప్రతాపం చూపిద్దామని కుర్రాళ్ళ చక్రాల జాడ వదిలేసి, ఎవరూ తొక్కని గులకనేల వైపు బండి తిప్పాను. అంతే, నెత్తి మీద తీతువు పిట్ట అరుపందుకుంది. మా వైపు తీతువు అరిస్తే చావు కబురని నమ్మకం. అమ్మ అక్కణ్ణుంచే కేకేసి బండి ఆపించింది.

మామయ్య అలాంటివి లెక్కచేసే మనిషి కాదు. పిట్ట అరిచినప్పుడల్లా ఆగితే బెజవాడలో ఒక్క బండీ కదలదని ఎగతాళి చేసి, పోనిమ్మని నాకు సైగ చేశాడు. అమ్మ వింటేగా. శకునం బాగోలేనప్పుడు కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడే కదలాలన్నది మా ఇంటి పద్ధతి. బండినక్కడే వదిలి రమ్మని, మా ఇద్దరినీ కట్ట వారన కూర్చోబెట్టి నీళ్ళ సీసా చేతికిచ్చింది. ఇక ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే అనుకుని ఆ పిట్టని మనసులోనే బండబూతులు తిట్టాను.

మేం కదలకుండా కూర్చునేసరికి అరుపు తగ్గింది. పిట్ట నేల మీద వాలి, అటూ ఇటూ చూసి, గబగబా నడిచొచ్చి బండి ముందు చక్రానికి మూరెడు దూరంలో చతికిలబడింది. అలికిడి చేయకుండా దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ గోలపెడుతూ లేచిపోయింది. అది కూర్చున్న చోట, గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళ రంగులోనే, నల్లమచ్చల గుడ్లు నాలుగు ఉన్నాయి. గూడన్నది లేదు.

మామయ్య మొహం చూసి తీరాల్సిందే. అమ్మ మాత్రం చాలాసేపు వంగి చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ దీన్ని ఊరికే తిట్టుకున్నాం గదరా. ఇది చావు కబురు చెప్పట్లేదు, తొక్కొద్దని మొత్తుకుంటోంది," అంది.

మర్నాటి నుంచీ నాకన్నా ముందు అమ్మే ఇసుకలోకి తయారయ్యేది. పిట్ట బెదరనంత దూరంలో, బళ్ళొచ్చే వైపు తుమ్మకంప అడ్డం వేయించింది. అటు దూసుకొచ్చే వాళ్ళని చెయ్యెత్తి ఆపేది. ఇదేమన్నా రోడ్డా ఆంటీ అని ఒక కుర్రాడు విసుక్కుంటే, "రోడ్డు కాదు కాబట్టే కింద చూసుకోవాలి బాబూ. రోడ్డు మీద ఎవరూ గుడ్లు పెట్టరుగా," అంది. మొదట్లో నవ్వుకున్నారు గానీ, పోనుపోను వాళ్ళే పాత జాడ దాటకుండా తిరిగేవాళ్ళు, కొత్తవాళ్ళొస్తే అదిలించేవాళ్ళు కూడా. నేనూ మళ్ళీ ఆ జాడ దాటలేదు. రెండువేల సంవత్సరం దాటాక అక్కడికి ఇసుక తోలుకుపోయే లారీలు దిగాయి. చెయ్యి అడ్డం పెట్టడానికి అప్పటికి అమ్మ లేదు. ఆ సాయంత్రాలు గుర్తొస్తే ఇప్పటికీ దిగులేస్తుంది.

ఆ వేసవిలోనే, బడి తెరిచే ముందు ఒకరోజు ముగ్గురం వెళ్ళి చూస్తే గుడ్లు లేవు. కాకులెత్తుకుపోయాయేమోనని నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో కాస్త అవతల తీతువు అందుకుంది. దాని కింద, పుడకల్లాంటి కాళ్ళేసుకుని పిల్లలు నీళ్ళవైపు పరుగెడుతున్నాయి. తల్లి వాటి పైన ఎగురుతూ ఒకటే గోల, కానీ వాటిని ఆపట్లేదు.

అమ్మ అవి కనపడకుండా పోయేదాకా చూసింది. మామయ్యని నడిచి రమ్మని చెప్పి, తను వచ్చి బండి మీద నా వెనకాల కూర్చుంది. అదే మొదటిసారి. కట్ట ఎక్కుతుంటే నా భుజం గట్టిగా పట్టుకుంది.

"నాకు భయం పోదే. నేను అరుస్తూనే ఉంటాను. నువ్వు మాత్రం సోమవారం బడికి దీని మీదే వెళ్ళు," అంది.